ఫ్యూయల్ పంపు: షోరూంలో 11,000, ఆటోనగర్‌లో 1,300. ఈ మార్కెట్లో పోటీ ఎక్కడుంది?

మీరు అడిగింది ఇదీ. నాన్నగారి పెట్రోలు కారు 2016 మోడల్. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. షోరూంవాళ్ళు ఫ్యూయల్ పంపు పోయింది, అసెంబ్లీ మొత్తం మార్చాలి, 11,000 అవుతుందన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో మోటారు ఒక్కటే 1,300కి వేస్తామన్నారు. ఒకే పని చేసే వస్తువుకి ఇంత తేడా ఏమిటి, ఈ వ్యాపారంలో పోటీ లేదా, కొత్త కంపెనీ ఏదైనా మంచి పంపు చేసి తక్కువకి ఎందుకు అమ్మదు అని మీ సందేహం.

నేను విడిభాగాల కంపెనీల్లో కొనుగోళ్ళు, క్వాలిటీ విభాగాల్లో పనిచేసినవాడిని. ఎక్కువ కాలం ఇంధన వ్యవస్థ భాగాలతోనే గడిచింది. పోటీ ఉందండీ, మామూలుగా కాదు, గొంతులు కోసుకునేంత ఉంది. కాకపోతే అది మీ కారు రోడ్డెక్కడానికి రెండు మూడేళ్ళ ముందే ముగిసిపోయింది. మీరు కౌంటర్ దగ్గరికి వెళ్ళేసరికి మిగిలేది ఒకవైపు ఒక్క కంపెనీ డబ్బా, ఇంకోవైపు ఎవరు చేశారో తెలియని సరుకు.

ముందు ఆ 11,000 వస్తువేమిటో చూద్దాం. చాలా కార్లలో వెనక సీటు ఎత్తితే ఒక మూత కనిపిస్తుంది. దాని కింద పెట్రోలు ట్యాంకు నోరు. పెద్ద ప్లాస్టిక్ రింగు తిప్పి తీస్తే ఒక జానెడు పొడుగు ప్లాస్టిక్ గిన్నె పైకి వస్తుంది. అదే అసెంబ్లీ. బొటనవేలి కన్నా కాస్త లావుండే మోటారు అందులో ఒక భాగం మాత్రమే. మోటారు అడుగున జాలీ ఉంటుంది. చుట్టూ ఫిల్టరు, ప్రెషర్‌ని మూడు నాలుగు బార్ల (బార్ అంటే ప్రెషరు కొలత) దగ్గర నిలబెట్టే రెగ్యులేటరు, పక్కన మీటరుకి లెక్క చెప్పే ఫ్లోటు. మలుపుల్లో, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పెట్రోలు ఒక పక్కకి ఒరిగినా మోటారు గాలి పీల్చకుండా ఆ గిన్నే కాపాడుతుంది. పాత బండ్లలో ఫిల్టరు బయట విడిగా ఉండేది. ఇంజను దగ్గర మిగిలిన పెట్రోలు ఒక రిటర్న్ పైపులో ట్యాంకుకి తిరిగొచ్చేది. ఇప్పుడు చాలా కార్లలో రిటర్న్ పైపు లేదు, రెగ్యులేటరుని ట్యాంకులోకే తెచ్చేశారు. ఒక పైపు ఖర్చు తగ్గింది, ఇంజను వేడి ట్యాంకులోకి రావడం తగ్గింది, ఆవిరి తగ్గింది. కార్ల కంపెనీకి అన్నీ లాభాలే. మీకు మాత్రం 300 రూపాయల ఫిల్టరు మూసుకుపోయినా గిన్నె మొత్తం మార్చమనే పరిస్థితి వచ్చింది. ఈ రంగంలో జరిగిన చాలా ఆవిష్కరణలు ఇలాంటివే. ఎవరు కొంటారో వాళ్ళ సమస్య తీరుస్తాయి. ఇక్కడ కొనేది మీరు కాదు, కార్ల కంపెనీ.

ఆ కొనుగోలు ఎలా జరుగుతుందంటే, కొత్త మోడల్ కాగితం మీద ఉండగానే ట్యాంకు ఆకారం, కావలసిన ప్రెషరు, గంటకి ఎన్ని లీటర్లు, ఎంత కరెంటు లాగొచ్చు, ఏడాదికి ఎన్ని పీసులు, అన్నీ రాసి నలుగురైదుగురు సప్లయర్లకి పంపుతారు. బాష్, డెన్సో, ఐసాన్, కాంటినెంటల్, డెల్ఫీ, టీఐ లాంటి పేర్లే అప్పట్లో మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అక్కడ యుద్ధం పైసల్లో జరుగుతుంది. ఒక క్లిప్పు తీసేస్తే 40 పైసలు తగ్గుతాయా అని గంటల తరబడి కూర్చునే మీటింగులు ఉంటాయి. గెలిచినవాడికి ఆ మోడల్ బతికున్నంత కాలం ఆర్డరు. దానికి బదులుగా ఏటా ఇంత శాతం ధర తగ్గిస్తానని ముందే రాసివ్వాలి. అచ్చులకి, టెస్టులకి పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే సప్లయరుకి ఒక్కటే దారి: అదే పంపుని వీలైనన్ని కంపెనీలకి, వీలైనన్ని మోడళ్ళకి అమ్మాలి. అందుకే బయట బ్యాడ్జి వేరైనా ట్యాంకులో మోటారు ఒకటే కావడం చాలా మామూలు.

దీనివల్ల ఏం జరుగుతుందో డెన్సో వ్యవహారంలో లోకమంతా చూసింది. ఈ పంపుల్లో పెట్రోలుని తోసేది ఇంపెల్లర్ అనే చిన్న ప్లాస్టిక్ చక్రం. దానికీ చుట్టూ ఉన్న గోడకీ మధ్య ఖాళీ వెంట్రుక మందం కూడా ఉండదు. ఆ ఖాళీ ఎంత తక్కువైతే పంపు అంత సమర్థంగా పనిచేస్తుంది. ఒక దశలో తయారైన ఇంపెల్లర్లలో ప్లాస్టిక్ సాంద్రత తక్కువగా వచ్చింది. పెట్రోలు పీల్చుకుని ఉబ్బాయి, గోడకి రాసుకున్నాయి, పంపు ఆగింది, నడుస్తున్న బండి నడిరోడ్డు మీద నిలిచిపోయింది. టయోటా 2020 జనవరిలో అమెరికాలో దాదాపు 7 లక్షల కార్లతో రీకాల్ (లోపమున్న బండ్లని వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) మొదలుపెడితే, అక్టోబరుకల్లా ప్రపంచమంతా కలిపి ఆ లెక్క 58 లక్షలు దాటింది. హోండా 2023 డిసెంబరులో అమెరికాలోనే 25 లక్షలకి పైగా వెనక్కి పిలిచింది. మన దేశంలో హోండా కార్స్ 2024 నవంబరులో 90,468 కార్లకి పంపులు ఉచితంగా మారుస్తామని ప్రకటించింది. అందులో ఒక చిన్న వివరం చాలామంది గమనించలేదు. వాటితోపాటు, అంతకుముందు స్పేర్‌గా ఇదే భాగం వేయించుకున్న 2,204 పాత బండ్లు కూడా ఉన్నాయి. అంటే షోరూంలో ఒరిజినలే కొనుక్కున్నవాళ్ళకీ అదే లోపం వచ్చింది. మారుతీ కూడా 2020 జులైలో ఫ్యూయల్ పంపు అనుమానంతో 56,663 వ్యాగన్ఆర్‌లు, 78,222 బాలెనోలు, మొత్తం 1,34,885 కార్లు పిలిచింది. మీ నాన్నగారి బండి మోడల్, ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రీకాల్‌లో ఉంటే 11,000 కాదు, ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. ఈ సంగతి మీ షోరూం సర్వీసు అడ్వైజరు తనంతట తాను చెబుతాడని నమ్మకం పెట్టుకోకండి.

పోటీ ఉందన్నాను గానీ, అది ఎప్పుడూ నిజాయితీగా జరిగిందని కాదు. 2013 సెప్టెంబరులో అమెరికా న్యాయశాఖ తొమ్మిది జపాన్ విడిభాగాల కంపెనీల మీద కలిపి 74 కోట్ల డాలర్ల దాకా జరిమానాలు ప్రకటించింది. వేలంలో ఎవరు గెలవాలో, ఎంత కోట్ చేయాలో ముందే మాట్లాడుకున్నారన్నది అభియోగం. హిటాచీ ఆటోమోటివ్ ఒప్పుకున్న జాబితాలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వ్యవస్థలు కూడా ఉన్నాయి, ఆ కంపెనీ వంతు 19.5 కోట్ల డాలర్లు. నలుగురే ఆటగాళ్ళు, అందరికీ అందరూ తెలుసు, అందరూ అవే కస్టమర్ల గుమ్మాల ముందు నిలబడతారు. అలాంటిచోట ఇది జరగకపోతేనే ఆశ్చర్యం.

ఇక ధర సంగతి. సప్లయరు మీ కారు పంపుని ఫ్యాక్టరీ లైనుకి అతి తక్కువ లాభానికి ఇస్తాడు. అదే పంపు కార్ల కంపెనీ స్పేర్ పార్ట్స్ విభాగానికి వెళ్ళి, వాళ్ళ డబ్బాలోకి ఎక్కి, గోడౌను, డీలరు, పన్ను దాటుకుని మీ దగ్గరికి వచ్చేసరికి ధర ఎన్నో రెట్లవుతుంది. మరి సప్లయరు తన పేరుతోనే నేరుగా బజార్లో అమ్ముకోవచ్చుగా? చాలాకాలం ఒప్పందాలే అడ్డుపడ్డాయి. అచ్చులు మా డబ్బుతో చేయించాం, డిజైను మాది, మా అనుమతి లేకుండా బయట అమ్మకూడదని కార్ల కంపెనీలు రాయించుకునేవి. ఈ విషయం మీద ఒక వినియోగదారు 2011లో వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు చేస్తే, 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు మాన్యువళ్ళు, డయాగ్నస్టిక్ పరికరాలు బయటి గ్యారేజీలకి అందనివ్వకపోవడం పోటీని చంపడమేనని తేల్చింది. అప్పీళ్ళతో ఆ వ్యవహారం ఏళ్ళ తరబడి సాగింది. నా అభిప్రాయం చెప్పాలంటే, ఆ ఉత్తర్వు వల్ల మాన్యువళ్ళ విషయంలో కొంత మార్పు వచ్చింది గానీ స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర మన అనుభవం పెద్దగా మారలేదు. యూరప్‌లో 2002 నాటి నిబంధనలే సప్లయరు తన సొంత ముద్రతో, తన సొంత డబ్బాలో అదే భాగాన్ని బజార్లో అమ్ముకునే హక్కుని కాపాడాయి. అందుకే అక్కడ మీలాంటివారికి మూడు దారులు ఉంటాయి: కార్ల కంపెనీ డబ్బా, అదే సరుకు సప్లయరు డబ్బా, పూర్తిగా బయటి కంపెనీది. మనకి ఆ రెండో దారి ఉంది గానీ కొన్ని మోడళ్ళకే ఉంది, అది ఉందని చాలామందికి తెలియదు.

కొత్త కంపెనీలు ఎందుకు రావన్నది మీ ప్రశ్నలో అసలైన భాగం. వస్తాయి. ఏళ్ళ తరబడి టెస్టులు దాటాలి గానీ వస్తాయి. పంపుని వేడి పెట్రోల్లో, పాత పుల్లబడిన పెట్రోల్లో, ఇథనాల్ కలిపిన దాంట్లో, దుమ్ము కలిపిన దాంట్లో వేల గంటలు తిప్పి చూడాలి. అంతా అయ్యాక కూడా కార్ల కంపెనీ ఇంజనీరు అడిగే మాట ఒకటే: పది లక్షల బండ్లు వెనక్కి పిలవాల్సి వస్తే ఆ ఖర్చు భరించే స్తోమత మీకుందా? పంపు తయారుచేయడం వచ్చిన వర్క్‌షాపులు దేశంలో చాలా ఉన్నాయి. ఈ ప్రశ్నకి ఉందని చెప్పగలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

డీజిల్ వైపు చరిత్ర చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కామన్ రైల్ (అన్ని సిలిండర్లకీ ఒకే పైపులో ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్‌ని నిలిపి ఉంచి పంచే పద్ధతి) అనే ఆలోచనని కార్లకి పనికొచ్చేలా మలిచింది ఇటలీలో ఫియట్ పరిశోధకులు. ఫ్యాక్టరీ స్థాయికి తీసుకెళ్ళే భారం మోయలేక 1994లో దాన్ని బాష్‌కి అప్పగించారు. 1997లో ఆల్ఫా రోమియో 156లో అది రోడ్డు మీదికి వచ్చింది. కనిపెట్టింది ఒకరు, దశాబ్దాల పాటు ఆ వ్యాపారాన్ని ఏలింది మరొకరు. లారీలకి డెన్సో అంతకు రెండేళ్ళ ముందే చేసి చూపించింది, అది వేరే సంగతి. మన దగ్గర లారీ, ట్రాక్టరు మెకానిక్‌లకి ‘మైకో పంపు’ అంటే డీజిల్ పంపే. 1951లో బెంగళూరులో పెట్టిన ఆ కంపెనీయే 2008లో బాష్ లిమిటెడ్ అయింది. పంపుని పరీక్షించి సరిచేసే కాలిబ్రేషన్ షాపు లేని పట్టణం మన జిల్లాల్లో ఉండేది కాదు. ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు లాంటి పంపు లోపలి భాగాలు విడివిడిగా దొరికేవి, విప్పి బాగుచేసేవాడు ఉండేవాడు. అంటే తయారీలో ఒక్కరిదే ఆధిపత్యం అయినా రిపేరులో పోటీ దండిగా ఉండేది. కామన్ రైల్ వచ్చాక ప్రెషర్లు 1,600 బార్లు, 2,000 బార్లు దాటాయి. టెస్ట్ బెంచీ లక్షల్లోకి వెళ్ళింది, చిన్న షాపులు మూతపడ్డాయి. పంపు మెరుగైంది, పొగ తగ్గింది, మైలేజి పెరిగింది. కానీ ఆ షాపుల మధ్య ఉన్న పోటీ పోయింది.

దీనికి ఎదురుగా, పోటీ నిజంగా తలుపు తట్టిన సందర్భం ఒకటి మన కళ్ళ ముందే జరిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధన వచ్చింది. అంతకుముందు టూవీలర్లలో గ్లామర్ ఎఫ్ఐ, పల్సర్ 220 డీటీఎస్-ఎఫ్ఐ లాంటి కొన్ని బండ్లకే ఇంజెక్షన్ (పంపు ప్రెషర్‌తో పెట్రోలుని ఇంజనులోకి చిమ్మే పద్ధతి) ఉండేది, మిగతావాటిలో చాలావరకు ఎలక్ట్రిక్ పంపు అక్కర్లేని కార్బ్యురేటర్. ఒక్క నిబంధనతో కమ్యూటర్ బైకుకీ స్కూటీకీ కూడా ట్యాంకులో ఎలక్ట్రిక్ పంపు కావాల్సి వచ్చింది. ఏడాదికి కోటిన్నర, రెండు కోట్ల పంపుల కొత్త మార్కెట్ అది. కారు పంపుని చిన్నది చేసి పెడితే సరిపోదు. బైకు ట్యాంకు చిన్నది, ఇంజను పక్కనే కాగుతూ ఉంటుంది, బ్యాటరీ చిన్నది, పొద్దున్నే కిక్ కొట్టేటప్పుడు బ్యాటరీ దిగిపోయి ఉన్నా పంపు తిరగాలి, ధర మాత్రం కారు పంపులో నాలుగో వంతు ఉండాలి. ఇక్కడ పాత పెద్దల అచ్చులు ఎవరికీ అక్కరకు రాలేదు. అందుకే కోయంబత్తూరు ప్రికాల్ లాంటి మన కంపెనీలు కూడా టూవీలర్ పంపు మాడ్యూళ్ళలోకి అడుగుపెట్టగలిగాయి. నిబంధన మారినప్పుడే ఈ మార్కెట్లో గోడలు కూలతాయి, మామూలు రోజుల్లో కూలవు.

ఇథనాల్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకపోతే సమాధానం సగమే. 2023లో మొదలుపెట్టి ఇప్పుడు బంకుల్లో ఈ20యే (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే) వస్తోంది. పాత పంపుల మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించేవి బ్రష్‌లు. అవి రాసుకునే చోటు పేరు కమ్యుటేటరు, అది రాగిది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, కరెంటుని కూడా పెట్రోలు కన్నా ఎక్కువ పోనిస్తుంది, ఆ రాగిని తినేస్తుంది. దానికి మందు కార్బన్ కమ్యుటేటరు, అది ఎప్పుడో వచ్చేసింది. బ్రెజిల్‌లో దశాబ్దాలుగా పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, 2003 నుంచి ఏ పాళ్ళలో పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు కూడా తిరుగుతున్నాయి. ఆ పంపులు చేసింది ఇవే కంపెనీలు. అంటే విద్య ఉంది. మన 2016 బండ్లన్నింటికీ అది పెట్టి ఉండకపోవచ్చంతే. ఇక బ్రష్‌లే లేని మోటార్లు, ఇంజనుకి ఎంత కావాలో అంతే వేగంతో తిరిగే పంపులు ఖరీదైన కార్లలో వచ్చాయి. అరిగే భాగం తక్కువ, కరెంటు ఆదా. అవి మన చిన్న కార్లకి వస్తాయా అంటే నాకు పెద్దగా ఆశ లేదు. ఎందుకంటే ఎలక్ట్రిక్ బండ్ల భయంతో పెద్ద కంపెనీలు ఈ వ్యాపారం నుంచి ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. డెన్సో తన పంపు మాడ్యూళ్ళ వ్యాపారాన్ని 2022లో ఐసాన్‌కి ఇచ్చేసింది. కాంటినెంటల్ 2021లో ఇంజను విభాగాన్ని వీటెస్కోగా విడదీస్తే, 2024లో అది షేఫ్లర్‌లో కలిసిపోయింది. డెల్ఫీని 2020లో బోర్గ్‌వార్నర్ కొని, మూడేళ్ళకే ఇంధన వ్యవస్థల వ్యాపారాన్ని ఫినియా పేరుతో వేరే కంపెనీగా విడగొట్టింది. పదేళ్ళలో ఉంటుందో ఉండదో తెలియని వస్తువు మీద కొత్త పరిశోధనకి ఎవరు డబ్బు పెడతారు? ఆటగాళ్ళు తగ్గుతారు, మిగిలినవాళ్ళు ఉన్నదాన్నే అమ్ముకుంటారు. స్పేర్ల ధరలు తగ్గుతాయని మాత్రం ఎదురుచూడకండి.

మరి ఆ 1,300 మోటారు సంగతి. అది రెండు రకాలు కావచ్చు. ఒకటి, పేరున్న సప్లయరు బజారు కోసం చేసింది. రెండోది, చైనాలో రూయియాన్ లాంటి విడిభాగాల కేంద్రాల నుంచి గుత్తగా దిగి, ఇక్కడ ఏదో ఒక డబ్బాలో దూరింది. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, హోలోగ్రాం కూడా అతికిస్తారు. ఇక్కడ పోటీ ఉంది గానీ అది ధర మీదే. కొనేవాడికి లోపల ఇంపెల్లరు ఏ ప్లాస్టిక్కో, కమ్యుటేటరు రాగో కార్బనో కనిపించదు కాబట్టి, మంచిది చేసినవాడికి నాలుగు డబ్బులు ఎక్కువ వచ్చే దారి లేదు. నేనైతే ఇలా చేస్తాను. పాత మోటారు మీద చెక్కి ఉన్న నంబరు, తయారీదారు పేరు ఫొటో తీసుకుంటాను. అదే తయారీదారు సొంత డబ్బాలో మోటారు దొరుకుతుందా అని వాళ్ళ అధీకృత డిస్ట్రిబ్యూటరుని అడుగుతాను. దొరికితే జాలీతో సహా మారుస్తాను, జీఎస్టీ బిల్లు తీసుకుంటాను. గిన్నెలో ఫిల్టరు మూసుకుపోయినా, ఫ్లోటు సరిగ్గా చూపించకపోయినా, ప్లాస్టిక్ పగుళ్ళిచ్చినా అప్పుడు అసెంబ్లీకే వెళ్తాను. ఊరూ పేరూ లేని మోటారు మాత్రం ఊళ్ళో తిరిగే బండికైనా వేయను, హైవే మీద ఆగితే ఆ డబ్బు ఎందుకు మిగుల్చుకున్నానా అనిపిస్తుంది.

అసలు ఇంతకీ పోయింది పంపేనని ఎలా తేల్చారన్నది మీ పోస్టులో ఎక్కడా లేదు. తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. ఒకటి రెండు సెకన్లు సన్నగా జుమ్మని వినిపించాలి. వినిపించకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాత పంపుకి వైర్లు తగిలించే కప్లరు దగ్గర కరెంటు వస్తోందా అని మీటరుతో చూపించండి. కరెంటు వస్తూ శబ్దం లేకపోతే మోటారు పోయినట్టే. శబ్దం ఉండి బండి అందుకోకపోతే ఇంజెక్టర్లకి పెట్రోలు పంచే పైపు (ఫ్యూయల్ రైల్) దగ్గర ప్రెషరు గేజి పెట్టి చూడకుండా ఏ భాగానికీ డబ్బు కట్టకండి. మూత విప్పాల్సి వస్తే బ్యాటరీ టెర్మినల్ తీసేశాక, గాలి ఆడేచోట, మెకానిక్ చేతనే. మోటారు మీది నంబరు దొరికితే ఇక్కడ పెట్టండి, అది ఎవరిదో, బజార్లో సప్లయరు డబ్బాలో వస్తుందో లేదో చూసి చెబుతాను.